కొలవని గది

ఆషాఢం 2

రోజినా తన బడి పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు నాకిచ్చింది. "అజీ, రోజంతా గొణిగేదేదో ఇందులో గొణుక్కో, మా చెవులకి కాస్త సెలవు" అంది. నానమ్మతో అనే మాటేనా అది? అయినా పుచ్చుకున్నాను. మహిళా సంఘం వాళ్లు నేర్పిన అక్షరాలు ఊరికే పోతున్నాయి.

ఇవాళ్టి దిగుళ్లు: వాన పట్టుకుంది. కోడలు బిమల గొడుగు మరిచి బజారుకు వెళ్లింది. రోజినాకు దగ్గు తగ్గలేదు. వెనకింటి పిల్లి మూడోపూట కూడా మా గుమ్మంలోనే ఏడ్చింది.

పైగది గురించి రాయకూడదు. రాయను.

ఆషాఢం 3

గోడ గురించి రాయొచ్చేమో. గోడ దేవుడు కాదు కదా.

పైగది ఉత్తరపు గోడ ఉబ్బింది. భూకంపం అప్పటి నుంచీ ఒక గీత ఉంది, దానికి నేను అలవాటు పడ్డాను. ఇప్పుడు గీత కాదు. ఇటుకలన్నీ కలిసి ముందుకు వచ్చాయి, నెలలు నిండిన ఆడదాని పొట్టలాగా. దీపం పెట్టే పలకకీ గోడకీ మధ్య నా అరచెయ్యి దూరేది. ఇవాళ దూరలేదు. చెయ్యి వాచిందేమో. వానాకాలం నా కీళ్లు వాస్తాయి.

ఆషాఢం 4

చెయ్యి వాచలేదు.

ఆషాఢం 7

పురపాలక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా అబ్బాయి తేజ్‌రత్న భోజనాల దగ్గర చదివాడు.

కాపాడవలసిన పాతపేట అని గీసిన గీత లోపల ఉన్న ఇళ్లన్నీ వాన ముదరకముందే చూస్తారట. చెక్క కిటికీలు మార్చకూడదు, రేకులు వేయకూడదు, ముందువైపు సిమెంటు కనిపించకూడదు, ఇప్పుడున్న ఎత్తు దాటకూడదు. ఇవి మాకు తెలిసినవే. కొత్తది ఏమిటంటే, ఇంజినీరు ఇల్లు గట్టిగా ఉందంటే పచ్చ కాగితం ఇస్తారు, పైకప్పు పెంకులు మార్చుకోవచ్చు. గట్టిగా లేదంటే ఎర్ర కాగితం. అందరూ ఖాళీ చేయాలి. మళ్లీ పాత పద్ధతిలోనే కట్టుకోవాలి. దానికి ప్రతి అంతస్తు కొలతలూ, ఫొటోలూ, ఇంటిలో వాటా ఉన్న ప్రతివాళ్ల సంతకమూ కావాలి.

మా వీధిలో తులసిమాయ ఇల్లు అలాగే ఖాళీ చేయించారు. అన్నదమ్ముల్లో ఒకడు సంతకం పెట్టలేదు. ఇంటికి ఇప్పటికీ దుంగలు ఆన్చి ఉన్నాయి, కిటికీలోంచి రావిమొక్క మొలిచింది. తులసిమాయ కూతురింట్లో పడి ఉంది. పండగకి వచ్చినప్పుడు తన గుమ్మం ముందే చుట్టంలా నిలబడి చూసి పోతుంది.

"మన ఇంటికేం, రాయిలా ఉంది" అన్నాడు తేజ్.

నేను కూడా అవునన్నాను.

ఆషాఢం 8

పైగదిలో ఎర్రగుడ్డ కట్టాను, ఉత్తరపు గోడ మొత్తం కప్పేలా. బాగుంది. అందం కోసమే కట్టాను.

ఆషాఢం 9

ఆ గది కింద రోజినా మంచం.

ఆషాఢం 10

రోజినాని కింది అంతస్తులో నా పక్కన పడుకోమన్నాను. నాకు ఒంటరిగా భయమేస్తోందన్నాను. "నీ గురక వింటే దెయ్యాలు కూడా ఊరు విడిచిపోతాయి అజీ, నీకెందుకు భయం" అని నవ్వి వెళ్లిపోయింది. తన గది, తన పుస్తకాలు, తన అద్దం. పద్నాలుగేళ్లు వచ్చాక నానమ్మ పక్కన ఎవరు పడుకుంటారు?

కారణం చెప్పలేను. పైన ఉన్నది మా వంశదేవత, ఆ గదిలోకి దీక్ష ఉన్నవాళ్లే వెళ్లాలి, అక్కడ చూసింది బయట చెప్పకూడదు. ఆయనా నేనూ ఒకేరోజు దీక్ష తీసుకున్నాం. ఆయన పోయాక దీపం పెట్టేది నేనే. మరిది ఆశాకాజీకి ఉంది, కానీ ఆయన బస్సుస్టాండు దగ్గర సిమెంటు స్తంభాల ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు, ఏడాది పూజకి తప్ప రాడు. తేజ్ దీక్ష రేపూ మాపూ అంటూ వాయిదా వేశాడు. బిమల మా కులం కాదు, పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పువ్వులు కోసి, కడిగి, మెట్టు మీద పెడుతుంది. నేను తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటాను. ఒక్కసారి కూడా లోపల ఏముందని అడగలేదు. అడగకపోవడమే నాకు భయంగా ఉంటుంది.

అంటే ఆ గోడని చూసే కళ్లు ఈ ఇంట్లో రెండే. రెండూ నావే. ఒకదాంట్లో పొర.

ఆషాఢం 15

ఇవాళ నాట్ల పండగ, అందరూ పెరుగు, అటుకులు తినే రోజు. పొలం లేనివాళ్లం కూడా నాట్లు వేసినవాళ్లలాగే తింటాం. ఆశాకాజీని భోజనానికి పిలిపించాను. తేజ్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు గోడ సంగతి చెవిలో చెప్పాను.

నమలడం ఆపలేదు. మూతి తుడుచుకున్నాక అన్నాడు. "అన్నయ్య ఉన్నన్నాళ్లు నిలబడిన గోడ, నీ చేతిలోకి వచ్చాక పడుతుందా వదినా?"

దేవుణ్ణి నీళ్ల కలశంలోకి దింపి కొన్నాళ్లు పక్కన పెట్టే పద్ధతి ఉంది కదా, పూజారిని పిలిపిద్దామన్నాను. ఉంది, కానీ దసరా దాటాక, వంశం మొత్తం కూర్చుంటేనే అన్నాడు. అంతవరకు గోడ ఆగుతుందా అన్నాను.

"ఆఫీసు వాళ్లు ఆ గదికి ఫొటో తీసి కాగితానికి అంటిస్తారు. ఫొటో స్టూడియో ముందు పెళ్లికూతురి బొమ్మలాగా మన దేవుడు ఊరందరికీ. అది కావాలా నీకు? నోరు మూసుకుని దీపం పెట్టు."

పోనీ ఒకసారి పైకి వచ్చి చూడు బాబూ అన్నాను. మోకాళ్లు నొప్పులన్నాడు. అంతకుముందే చెరువు చుట్టూ నడిచి వచ్చానని తేజ్‌తో గొప్పలు పోయాడు.

ఆయనకీ భయమే. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. అది నాకు బాగా తెలుసు.

ఆషాఢం 18

ఒక ఆలోచన వచ్చింది. తప్పేమో. రాస్తే తప్పు కాదు.

చూడటానికి వచ్చే ఇంజినీరు పడమటి కొండల వైపు మనిషట, మా భాష కూడా రాదట. అలాంటివాడికి పైతలుపు అంటే ఏమిటో తెలియదు. నేను గడియ వేయడం మరిచిపోతాను. ముసలిదాన్ని, మరుపు సహజం. ఆయన బూట్లతోనే లోపలికి వెళతాడు, గుడ్డ తొలగిస్తాడు, గోడ చూస్తాడు, కేకలు వేస్తాడు. నేను ఎవరినీ తీసుకెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు. పాపం ఆయనది. ఆయనకి తెలియదు కాబట్టి ఆయనకీ ఉండదు.

రోజూ దేవుడికి చెబుతున్నాను, ఆ బూట్ల మనిషి మీద కోపగించుకోవద్దని.

ఆషాఢం 22

రేపు వస్తారట.

ఆషాఢం 23

వచ్చారు.

బూట్ల మనిషి రాలేదు. ఆయనకి జ్వరం. బదులుగా ఒక అమ్మాయిని పంపారు, సబినా ప్రజాపతి, కుండలు చేసే వాడకట్టు పిల్ల. తల మీద పసుపు టోపీ, చేతిలో కొలిచే టేపు. మా ఊరి పిల్ల, మా మాట, మా నవ్వు. తేజ్ సంతోషించాడు. మా ఊరి పిల్లకి పైతలుపు అంటే ఏమిటో తెలిసే ఉంటుంది.

బాగా చూసింది. దూలాల చివర్లు తట్టింది, మూల మూలకీ టేపు పట్టింది, కింది గదిలో ముక్కు పెట్టి తేమ వాసన చూసింది. రోజినా గదిలో పైకి చూసి, ఈ సున్నం ఎందుకు రాలుతోందని అడిగింది. ఎలుకలన్నాడు తేజ్. ఆ పిల్ల అది రాసుకోలేదు.

పైమెట్టు ఎక్కింది. తలుపు నేను అనుకున్నట్టే ఓరగా ఉంది. లోపలి ఎర్రగుడ్డ అంచు కూడా కనిపిస్తోంది. ఇంకొక్క అడుగు. గడప మీది సిందూరం చూసి ఆ పిల్ల ఆగిపోయింది. టోపీ తీసేసింది. వంగి గడపకి నుదురు తాకించింది.

"ఇది వదిలేద్దాం అజీ. మా పెదనాన్నగారింట్లోనూ ఇలాంటి తలుపు ఉంది, నాకు తెలుసు. కింది గది కొలతే దీనికీ వేస్తాను."

ఆ పిల్ల చెయ్యి చాచి, నేను తెరిచిపెట్టిన తలుపుని చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

నేను ఏదో అనబోయాను. ఏమనాలి? వెళ్లమ్మా, అపవిత్రం చేయమ్మా అని ఎలా అంటాను? మెట్ల గోడ పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు కావాలా అజీ అని నన్నే అడిగింది. అంత మర్యాద గల పిల్ల. తల్లి బాగా పెంచింది. ఆ మర్యాదే మా మీద పడుతుంది.

ఆషాఢం 25

పచ్చ కాగితం. తేజ్ వాకిట్లో అంటించాడు. కుండలో పెరుగు తెచ్చాడు. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

ఆషాఢం 26

ఆఫీసు వాళ్లే గట్టిగా ఉందన్నారు. చదువుకున్నవాళ్లు. నాదే కంటి పొర.

ఆషాఢం 29

వాన.

ఆషాఢం 30

వాన. గుడ్డ కూడా ఉబ్బినట్టు కనిపిస్తోంది. గాలికి.

పైగదిలో గాలి లేదు.

శ్రావణం 5

బిమల చేతిలో చేట పట్టుకుని వచ్చింది. చేటలో మన్ను, ఇటుకపొడి. రోజినా పక్క మీద ఊడ్చినవి. నా ముందు నేల మీద పెట్టింది. ఎప్పుడూ గొంతు పెంచదు, ఇవాళా పెంచలేదు.

"మీ దేవుడు, మీ గది. నేనెప్పుడైనా అడిగానా అత్తయ్యా? కానీ ఇది నా పిల్ల పక్క మీద రాలుతోంది."

ఎలుకలన్నాను.

"ఎలుకలు ఇటుకలు తింటాయా?"

మా అత్తగారి కాలంలో తినేవి అన్నాను. అలాంటి మాట నా నోట ఎలా వచ్చిందో. బిమల నవ్వుతుందేమో అనుకున్నాను. చేట తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం చూస్తే రోజినా పక్క వంటగది పక్కకి మారింది. వంటగది కూడా ఆ గోడకి ఆనుకునే ఉంది. ఉబ్బింది ఏ గోడో బిమలకి తెలియదు. నాకు తెలుసు.

ఊరుకున్నాను.

శ్రావణం 6

ఊరుకున్నాను అని రాశాను నిన్న. అది మళ్లీ చదివాను.

శ్రావణం 13

ఇవాళ దెయ్యాలని తరిమే పండగ. వీధి చివరికి దెయ్యపు గడ్డి బొమ్మని లాక్కెళ్లారు. ప్రతి ఏడూ చేసినట్టే తేజ్ సుత్తీ ఇనుపమేకూ తెచ్చాడు, గుమ్మానికి కొట్టడానికి. మేకు కొడితే ఏడాదంతా చెడ్డవి లోపలికి రావు.

మొదటి దెబ్బకి ఇల్లంతా మోగింది. పైనుంచి ఏదో జారిన చప్పుడు నాకు వినిపించింది. వాడి చెయ్యి పట్టుకున్నాను. కొట్టొద్దన్నాను. సుత్తి లాక్కున్నాను. వాడు తెల్లబోయాడు.

"అమ్మా, ఊళ్లో అందరికంటే దెయ్యాలకి భయపడేది నువ్వు. మేకు చిన్నదైందని పోయినేడు నన్ను రెండోసారి బజారుకి పంపావు."

పక్కింటివాళ్లు వినేలా నవ్వాడు. నాకు మతి పోతోందని బిమలతో అన్నాడు. బిమల నవ్వలేదు. తల ఎత్తి పైకప్పు వైపు చూసింది.

మేకు సగమే దిగింది. ఇప్పుడు దెయ్యాలు రావడానికి దారి ఉంది, గోడ పడటానికీ దారి ఉంది. మధ్యలో మేం.

శ్రావణం 14

అక్షరాలు వంకర్లు పోతున్నాయి. బిమల పుట్టింట్లో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న పువ్వులు తీసుకుని పైకి వెళ్లాను. దీపం పలక ఒరిగిపోయి ఉంది. నూనె ఒలికింది. గుడ్డ వెనక వెలుతురు. అక్కడ వెలుతురు రాకూడదు, ఆ గదికి కిటికీ లేదు. గుడ్డ తీశాను. దూలం చివర గోడలోంచి బయటికి జారి, ఒక్క ఇటుక అంచు మీద ఆగి ఉంది. దాని కొసని వేలితో తాకితే పేలపిండిలా రాలింది.

కింద రోజినా పాఠం వల్లె వేస్తోంది.

ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చాను. మంత్రం పూజారికి తెలుసు, నాకు తెలియదు. వంశం లేదు, ముహూర్తం లేదు. చెంబు ముందు పెట్టుకుని నా మాటల్లోనే అడిగాను. "కింద పిల్ల ఉంది. కొన్నాళ్లు ఈ నీళ్లలో ఉండు. కోపమొస్తే నా మీద చూపించు, నేనెక్కడికీ పోను." వచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది? చెంబు బరువెక్కినట్టు అనిపించింది. నీళ్లు పోస్తే ఏ చెంబైనా బరువెక్కుతుంది. ఇంకా అక్కడున్నవాటిని, పేరు రాయను, నా శాలువాలో చుట్టి ఒడిలో కట్టుకున్నాను. మెట్లు కూర్చుని కూర్చుని దిగాను.

బిమల ఎదురొచ్చింది. చెంబు చూసింది, నా ఒడి చూసింది, చటుక్కున గోడవైపు తిరిగి నిలబడింది, చూడకూడదని. ఇన్నేళ్ల అలవాటు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. పిల్లని తీసుకుని బయటికి నడవమన్నాను. ఎందుకని అడగలేదు. పొయ్యి ఆర్పింది, రోజినాని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

సబినాకి తేజ్ చేత ఫోన్ చేయించాను. వచ్చింది. వచ్చి మళ్లీ ఆ గడప దగ్గరే ఆగింది.

"నేను రాలేను అజీ. నన్ను అడగొద్దు."

"లోపల ఎవరూ లేరమ్మా. నా చేతిలో ఉన్నారు. నువ్వు చూడాల్సింది గోడనే."

ఆ పిల్ల చెంబు వంక చూసింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. వెంటనే బయటికి వచ్చింది. మొహంలో రక్తం లేదు. మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకున్న చేతిని వీధిలోకి వచ్చేదాకా వదల్లేదు. నేను కొలవకుండా కొలిచానని రాశాను అజీ, నేను రాశాను అని అదే మాట రెండుసార్లు అంది. నా తప్పు దాని తప్పయింది. నేను తలుపు తెరిచిపెట్టి నోరు మూసుకున్నానని చెప్పలేదు. చెప్పాలి.

సాయంత్రానికి దుంగలు ఆన్చారు. పచ్చ కాగితం చించి ఎర్ర కాగితం అంటించారు.

శ్రావణం 15

బిమల తల్లి నాకు తన మంచం ఇచ్చింది. చెంబు తలవైపు పెట్టుకున్నాను. పక్కగదిలో వాళ్ల కోళ్లు. దేవుడు ఏమనుకుంటున్నాడో. కుడి కన్ను అదురుతోంది. అదే మొదలేమో.

సబినాకి చెప్పాను, ఫోన్లో. తలుపు కావాలనే తెరిచి ఉంచానని. "ఒక్క మాట అనుంటే బాగుండేది అజీ" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

శ్రావణం 18

ఆశాకాజీ వచ్చాడు. వీధిలోంచే మొదలుపెట్టాడు. వేరే కులం ఇంట్లో, కోళ్ల పక్కన, వంశదేవత. ఊరంతా ఉమ్మేస్తోందన్నాడు. అన్నయ్య పోయినరోజే నన్ను కూతురింటికి పంపాల్సిందన్నాడు. నాకు కూతురే లేదు. కోపంలో అది కూడా మరిచిపోయాడు.

చెంబు ఇవ్వు, మా ఇంటికి తీసుకుపోతానన్నాడు. అది న్యాయమే. ఆయన ఇల్లు గట్టిది, దీక్ష ఉన్నవాడు, పూజ ఆగదు. ఇచ్చేద్దామని లేచాను. అప్పుడు తులసిమాయ కిటికీలోని రావిమొక్క కళ్లముందుకి వచ్చింది. మా ఇంట్లో ఆయనకీ వాటా ఉంది.

"సంతకం పెట్టి తీసుకెళ్లు బాబూ" అన్నాను.

తేజ్ నన్ను చూశాడు. బిమల తలుపు చాటునుంచి చూసింది. చెంబు రెండు చేతులా పొట్టకి అదుముకున్నాను, నీళ్లు వణికి ఒలుకుతాయని.

"దేవుణ్ణి అడ్డం పెట్టుకుని బేరమాడుతున్నావా వదినా? కళ్లు పోతాయి."

"ఒకటి ఇప్పటికే పోయింది. సంతకం పెట్టు."

వరండాలో కూర్చున్నాడు. బిమల తల్లి చాయ్ ఇస్తే తాగలేదు. వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదు. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే లేవలేను, లేవలేకపోతే ఇచ్చేస్తాను. చివరికి తేజ్ దగ్గర కలం అడిగాడు. కాగితం చూడకుండా పెట్టాడు. చాయ్ చల్లారిపోయింది, అయినా తాగాడు.

చెంబూ, శాలువా మూటా అందుకుని గుండెకి ఆన్చుకున్నాడు. గోడ నిజంగా అంత ఉబ్బిందా అని మెల్లగా అడిగాడు. అవునన్నాను. జాగ్రత్త, మెట్ల దగ్గర నెమ్మది అన్నాను. ఇక పైగది తలుపు లోపలికి నన్ను రానివ్వరని వంశం వాళ్లతో మాటైందట. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత రేపు పొద్దున్న నాకు దీపం పెట్టే పని లేదు.

శ్రావణం 19

పొద్దున్నే లేచాను. పువ్వులు కోశాను. ఎక్కడ పెట్టాలో తెలియక బిమల తల్లికి ఇచ్చాను.

భాద్రపదం 9

అనుమతి వచ్చింది. ముందువైపు కిటికీలు, ఇటుక వరస, ఎత్తు అన్నీ ఉన్నట్టే ఉండాలి. ఉత్తరపు గోడ విప్పి, అదే ఇటుకతో, అదే మట్టితో కట్టాలి, దూలం మాత్రం కొత్తది. ఈసారి సబినా ప్రతి గదీ కొలిచిందట. పైగది అనుకున్నదానికంటే చిన్నదని తేజ్‌తో అందట.

ఆ మాట ఆశాకాజీకి తెలిస్తే ఏమవుతుందో.

భాద్రపదం 11

రేపు తాపీమేస్త్రీలు పైగోడ విప్పుతారు. అక్కడ మిగిలిన పలకలూ, గంటా, పాత ఎర్రగుడ్డా దించాలి. పనివాళ్ల చెయ్యి పడకుండా నేనే తెస్తానన్నాను. తేజ్ ఒప్పుకోలేదు, బిమల తోడుగా వస్తే సరేనన్నాడు. సబినా మా ఇద్దరికీ పసుపు టోపీలు పెట్టింది. రోజినా మమ్మల్ని చూసి వీధిలో పగలబడి నవ్వింది. పగలబడి నవ్వకూడదు, ఇంకా దుంగల మీదే ఉంది ఇల్లు.

మెట్లు ఎక్కాం. నేను మామూలుగా లోపలికి వెళ్లిపోయాను. నన్ను రావొద్దన్న సంగతి లోపలికి వచ్చాక గుర్తొచ్చింది. గదిలో ఏమీ లేదు. నాలుగు మూలలు, దుంగలు, పగుల్లోంచి ఎదురింటి పెంకులు. ఎలాంటి వాసనా లేదు.

వెనక్కి చూస్తే బిమల గడప అవతలే ఆగిపోయి ఉంది, చేతులు కట్టుకుని, పువ్వులు పెట్టే మెట్టు మీద. ఖాళీ గదే అని తెలుసు. అయినా ఆగింది.

"ఇప్పుడు రావచ్చా అత్తయ్యా?"

ఎవరిని అడిగి చెప్పాలో నాకు తెలియలేదు. పెద్దలు వింటారేమో, వెళ్లిపోయినవాళ్లు ఎక్కడినుంచైనా చూస్తారేమో అని నాకు ఒళ్లు జలదరించింది. ఇది రాస్తుంటే కూడా జలదరిస్తోంది. బిమల కాళ్ల వైపు చూశాను. చెప్పులు విడిచే వచ్చింది.

"కుడిపక్క పలక మీద అడుగెయ్యకు, కుళ్లిపోయింది" అన్నాను. "నా చెయ్యి పట్టుకుని రా."